విభక్తి లేని డ్రైవర్

మనిషిని లోపలెయ్యడానికి మోపెడు సాక్ష్యాలు అక్కర్లేదు, రెండు మాటలు చాలు. ఈ కేసులో ఆ రెండు మాటలు ‘డ్రైవర్ మార్చేశాడు’.

నిన్న దీపాలు పెట్టేవేళ, గుణదలలో తన ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ గట్టు మీద నిలబడి, చేపల ఎగుమతి వ్యాపారి మణికుమార్ తన భార్య సుధామణికి సెల్‌ఫోన్ చేశాడు. ఆవిడ కైకలూరులో ఓ పెళ్ళిలో ఉంది. ఆ రెండు మాటలూ, వాటి వెనక ఇంకో చిన్న మాటా అన్నాడు. తర్వాత కేక. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. పక్కింటాయన గోడ దూకి వచ్చి మెయిన్ కట్టేసి బయటికి లాగాడు కాబట్టి ఊపిరి మిగిలింది. స్పృహ మాత్రం ఇంకా రాలేదు.

రాత్రికి రాత్రే సీఐ వెంకటకృష్ణారావు ఆ ఇంటి కారు డ్రైవర్ కోటిని పట్టుకొచ్చాడు. సాయంత్రం నాలుగింటికి మెజిస్ట్రేటు ముందు పెడతాడు. అక్కడితో కోటి సంగతి గోవిందా. అందుకే కోటి తల్లి మంగాయమ్మ పొద్దున్నే గవర్నర్‌పేటలో, లాడ్జి మేడ మీదున్న డిటెక్టివ్ దీవెన ఆఫీసు మెట్లెక్కి, “మావోడు చేప ఉసురు కూడా తగలకూడదనుకునే సన్నాసమ్మా” అని కూలబడింది. చేపలమ్మే మనిషి కొడుక్కి ఇంతకన్నా పెద్ద కేరక్టర్ సర్టిఫికెట్ ఇంకోటి ఉండదు.

మధ్యాహ్నం రెండింటికి దీవెన స్కూటీ గుణదల ఇంటి గేటు ముందు ఆగేసరికి, పంచనామా కోసం సీఐ జీపు అప్పటికే లోపలుంది. జీపు వెనక కడ్డీకి బేడీతో కోటి. పిట్టగోడ నీడలో మంగాయమ్మ.

గేటు దగ్గరే ఒకావిడ ఎదురైంది. యాభై ఏళ్ళుంటాయి. నుదుట బొట్టు లేదు, నేత చీర, చేతిలో స్టీలు కేరేజీ. మణికుమార్ వదిన శివపార్వతి. భర్త వెంకటసుబ్బారావు పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఈ ఇంటి మేడ మీదే ఉంటోంది.

“ఆస్పత్రికి వెళ్తున్నానమ్మా. మా తోడికోడలు నిన్నట్నుంచీ అన్నం మెతుకు ముట్టలేదు.”

“ఒక్క నిమిషమండీ. నిన్న ఆ టైముకి మీరెక్కడున్నారు?”

“మేడ మీద వంటింట్లో. చేపలు కడుగుతున్నా. కేక వినపడి కిందికి దిగేసరికి పక్కింటాయన మెయిన్ కట్టేస్తున్నాడు.”

“ఈ లైట్లన్నీ మీ మరిది గారే బిగించారటగా?”

“అన్నీ వాడే. నాకు ఫ్యూజు కట్టడం కూడా రాదు. పంపు షెడ్డు చూస్తారా? ఇదిగో.” బొడ్లోంచి గుత్తి తీసి, అందులో ఓ తాళంచెవి వెతికి ఊడదీసి ఇచ్చింది. గోళ్ళ చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి. కేరేజీలోంచి పులుసు వాసన కమ్మగా కొట్టింది. దీవెనకి తను పొద్దున్నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది తప్ప, ఇంకేమీ తోచలేదు.

శివపార్వతి ఎక్కిన ఆటో మలుపు తిరిగింది.

“రండి రండి దీవెన గారూ!” పూల్ అవతలి గట్టు మీంచి సీఐ చేతులు చాచాడు. “మీ కోసమే ఫ్యూజు పీకించి ఉంచాను. నిర్భయంగా తిరగండి. మళ్ళీ మీకేమైనా అయితే ఆ కేసూ నేనే తేల్చాలి.”

“మీరు తేల్చేది ఏముంది సీఐ గారూ, దగ్గర్లో ఏ డ్రైవర్ కనిపిస్తే వాణ్ణి పట్టుకుంటారు.”

ఇద్దరికీ పడదు. కిందటేడు ఓ నగల కేసులో దీవెన దొంగని చూపించింది, పేపర్లో సీఐ ఫొటో పడింది. అన్యాయం జరిగింది తనకని ఆమె అనుకుంటుంది. ఫొటో బాగా రాలేదని ఆయన బాధ.

దీవెన పూల్ చుట్టూ నడిచింది. పెద్దదేం కాదు, నాలుగు బారలు ఈదితే అవతలి గట్టు. గోడల చుట్టూ, నీటి మట్టానికి జానెడు పైన, గుండ్రటి స్టీలు అంచుల్లో ఎల్‌ఈడీ లైట్లు. ఇలాంటివి ఊళ్ళో ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మణికుమార్ ఓ మనిషి చేత చెన్నైనుంచి సెట్టు తెప్పించాడు. బిగించడానికి ముగ్గురు ఎలక్ట్రీషియన్లని పిలిస్తే ముగ్గురూ, నీళ్ళూ కరెంటూ అత్తాకోడళ్ళండీ, ఒకచోట పెట్టకూడదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. దాంతో పౌరుషం వచ్చి ఈయనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు. వైరు ఎక్కడా వేలాడలేదు, పైపుల్లోంచి తీసుకెళ్ళి మలుపు మలుపునా క్లిప్పు కొట్టాడు. ఇంత శుభ్రంగా పని చేసే మనిషికి షాకెలా కొట్టిందన్నదే దీవెనని తొలిచేస్తోంది.

ఆమె జీపు దగ్గరికి వెళ్ళింది. “కోటీ, నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?”

“ఆటోనగర్‌లో కారు రిపేరుకిచ్చానండీ. లేటవుద్దన్నారు. ఈలోపు మేరీమాత కొండెక్కి కొవ్వొత్తి వెలిగించానండీ.”

“సాక్షి ఎవరు?”

“మేరీమాతేనండీ.”

“వింటున్నారా?” అన్నాడు సీఐ. “మెకానిక్‌ని అడిగితే టీకని వెళ్ళి రెండు గంటలు రాలేదన్నాడు. కొండ దగ్గర్నించి ఈ ఇంటికి పది నిమిషాల నడక. పైగా మొన్న వైరు తప్పుగా పట్టుకున్నాడని యజమాని వీణ్ణి తిట్టాడు. ఇంకేం కావాలి మీకు?”

దీవెన ఆయన్ని పట్టించుకోలేదు. “లైట్లు బిగించేటప్పుడు నువ్వు సాయం చేశావా?”

“వైరు పట్టుకున్నానండీ. షెడ్లో డబ్బా బిగిస్తుంటే, డబ్బా పట్టుకోరా కోటిగా అంటే పట్టుకున్నానండీ.”

“ఆయన నిన్నెప్పుడూ కోటిగా అనే పిలుస్తారా?”

“చిన్నప్పట్నించీ అంతేనండీ.”

“డ్రైవర్ అని పిలవరూ?”

కోటి ఆలోచించాడు. “కొత్తోళ్ళకి చెప్పేటప్పుడు కూడా, మా కోటిగాడు అనే అంటారండీ.”

దీవెన మెడ వెనక చిన్న చీమ పాకినట్టయింది. ఆమెకి కేసు కదిలే ముందు ఎప్పుడూ అలాగే అవుతుంది. పెళ్ళాంతో మాట్లాడుతూ, ఇరవై ఏళ్ళుగా కోటిగాడైన వాణ్ణి హఠాత్తుగా ‘డ్రైవర్’ అంటాడా మనిషి?

“సీఐ గారూ, సుధామణి గారి స్టేట్‌మెంట్ ఒకసారి చదవండి.”

సీఐ ఫైలు తెరిచి గొంతు సవరించుకున్నాడు. “‘డ్రైవర్ మార్చేశాడు. ఎందుకలా చేశాడో అడుగుతానుండు’ అని నా భర్త అన్నారు. సంతకం.”

“ఏం మార్చాడట?”

“వైర్లు. కనెక్షన్.”

“ఆ మాట అందులో లేదుగా.”

“మనం అర్థం చేసుకోవాలి మేడమ్.”

దీవెన తల్లి తెరేసమ్మ కాన్వెంటులో తెలుగు టీచరు. డుమువులు ప్రథమా విభక్తి, నినులన్ గూర్చి గురించి ద్వితీయా విభక్తి అని ఒప్పజెప్పలేకపోతే, కూతురని కూడా చూడకుండా చేతి కణుపుల మీద స్కేలు తిరగేసి కొట్టేది. ఆ విభక్తులు ఎందుకు పనికొస్తాయో దీవెనకి ముప్పై ఐదేళ్ళ వరకూ తెలియలేదు.

“ఆ వాక్యంలో నామవాచకం ఒక్కటే ఉంది, డ్రైవర్. దాన్ని మీరు కర్త అంటున్నారు. అది కర్మేమో అని నా అనుమానం.”

“కర్మ ఎవరిదో నాలుగింటికి మెజిస్ట్రేటు గారు తేలుస్తారు.”

“వినండి. కారు టైరు పాడైతే మీరేమంటారు? టైరు మార్చాను అంటారు. టైరుని మార్చాను అనక్కర్లేదు. ప్రాణం లేనిదానికి ‘ని’ లేకపోయినా నడుస్తుంది. అదే మనిషైతే? కోటిని మార్చాను అనే తీరాలి.”

“అయితే?”

“అయితే, ఈ డ్రైవర్‌కి ‘ని’ లేదు. ప్రాణమున్న డ్రైవర్‌ని మారిస్తే ‘డ్రైవర్‌ని’ అనేవాడు. వేరే ఎవరో, ప్రాణం లేని డ్రైవర్‌ని, అంటే ఓ వస్తువుని మార్చారు.”

“ప్రాణం లేని డ్రైవర్!” సీఐ పగలబడి నవ్వాడు. “మా డిపార్ట్‌మెంట్‌లో బోలెడు మంది ఉన్నారు, పంపించనా?”

దీవెన షెడ్డు తాళం తీసింది.

లోపల పంపు, క్లోరిన్ డబ్బాలు, ఓ మూల ఆ లైట్ల సెట్టు వచ్చిన అట్టపెట్టె. మణికుమార్ దాన్ని కూడా పారెయ్యలేదు. పెట్టె మీద బొమ్మలున్నాయి. లైట్లు, వైరు, ఓ నల్ల డబ్బా. డబ్బా బొమ్మ కింద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ‘ఎల్‌ఈడీ డ్రైవర్’ అని ఉంది. దాని పక్కన పుర్రె గుర్తు, ఈ డ్రైవర్ తప్ప వేరేది వాడితే ప్రాణాపాయమని హెచ్చరిక.

దీవెన పెట్టెని సీఐ చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఈసారి పెదాలు కదిలించి చదివాడు.

“లైట్లని నడిపించే డబ్బా పేరు డ్రైవర్,” అంది దీవెన. “అసలుది మెయిన్ కరెంటుకీ పూల్ వైరుకీ మధ్య గట్టులా ఉంటుంది. అటు నీళ్ళు ఇటు రావు. నాసిరకం డబ్బా పెడితే లైట్లు అచ్చం అలాగే వెలుగుతాయి, గట్టు మాత్రం ఉండదు. తడిచేత్తో ఆ స్టీలు అంచు ముట్టుకుంటే మెయిన్ ముట్టుకున్నట్టే.”

గోడకి ఇప్పుడున్న డబ్బా చిన్నది. దాని చుట్టూ గోడ మీద, పెద్ద డబ్బా ఒకటి ఇదివరకు ఉండేదని చెప్తూ దుమ్ము పట్టని నలుచదరపు మచ్చ. పాత స్క్రూ కన్నాలు ఖాళీగా ఉన్నాయి. కొత్త డబ్బాని స్క్రూలతో కాదు, ఎంసీల్ ముద్దతో అంటించారు. ముద్ద మీద వేళ్ళ ఒత్తులు సన్నగా ఉన్నాయి. బూడిదరంగులో ఉండాల్సిన ముద్ద అక్కడక్కడా పచ్చగా ఉంది.

“పసుపు,” అంది దీవెన. “ఇది పిసికినవాళ్ళ చేతికి పసుపుంది.”

“అంటే ఆడమనిషి. ముత్తైదువ. ఇంట్లో ఉన్న ముత్తైదువ ఒక్కతే, సుధామణి. ఆవిడ కైకలూరులో పెళ్ళిపందిట్లో ఉంది.” సీఐ అట్టపెట్టె కింద పెట్టాడు. “మీ వ్యాకరణం ఇక్కడికొచ్చి ఆగింది.”

అదీ నిజమే. దీవెన లెక్కా అదే. బొట్టే లేని మనిషి చేతికి పసుపెందుకుంటుందని ఆమె కూడా అనుకుంది. మన బుర్రలు అలా అలవాటుపడ్డాయి, ఎవర్నని ఏం లాభం.

కొత్త డబ్బా అసలు కొత్తది కాదు. దాని మూలల్లో నల్లటి బురద ఎండి పెళుసులు కట్టింది. దీవెన గోటితో గీకి వాసన చూసింది. చేపల చెరువు వాసన. బయటికొచ్చి మంగాయమ్మని అడిగింది. “వీళ్ళ చెరువుల మీద లైట్లుంటాయా?”

“పురుగులు పడతాయని గట్టు మీద స్తంభాలకి ఏసేవోళ్ళమ్మా, చేపలు తింటాయని. పెదబాబు ఎంకటసుబ్బారావుగారు ఆ లైటు స్తంభం పట్టుకునే పోయారు గదా. వానలో.”

“ఆ లైట్లు బిగించిందెవరు?”

“చినబాబే. అన్నీ ఆయన సేత్తోనే బిగించుకుంటారు గదా. పోలీసులొచ్చి, యాక్సిడెంటని రాసుకుని ఎల్లారు. ఆ తర్వాత ఆ లైటూ డబ్బా ఇప్పేసి ఇంటికి తెచ్చేసుకున్నారు.”

చినబాబు తెచ్చి ఇంట్లో పడేశాడన్నమాట అనుకుంది దీవెన. అన్న ప్రాణం తీసిన డబ్బాయే తమ్ముడి పూల్‌కి ఎవరో తగిలించారు. కానీ ఎవరు? ‘తెచ్చేసుకున్నారు’ అంటే ఎవరు తెచ్చుకున్నారని మంగాయమ్మని అడగాలని ఆమెకి తట్టలేదు. తెరేసమ్మ పక్కనుంటే మళ్ళీ స్కేలు తీసేది.

“సరే,” అన్నాడు సీఐ, కాస్త తగ్గిన గొంతుతో. “డబ్బా మార్చారు, ఒప్పుకున్నా. మార్చింది వీడు కాదని రుజువేంటి? మార్చేశాడు, చేశాడో. రెండుసార్లూ ‘డు’ ఉంది. అంటే మగాడు, చిన్నవాడు. ఇంట్లో ‘డు’ అనిపించుకునేది కోటిగాడొక్కడే. మీ విభక్తులు మీకుంటే, నా డు నాకుంది.”

దీవెన చెయ్యి వాచీ మీదికి పోయింది. మూడున్నర అవుతోంది. జీపులో కోటి, తల్లి వైపు చూడకుండా ఉండడానికి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మంగాయమ్మ లేచి నిలబడింది. దీవెనకి ఆ క్షణంలో తన మీద తనకే కోపమొచ్చింది. ఇంతదూరం వచ్చి, ఒక్క ‘డు’ దగ్గర ఓడిపోవడమా.

గేటు ముందు ఆటో ఆగింది. సుధామణి దిగింది. పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర నలిగిపోయి అలాగే ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమెని చూడగానే దీవెన ఎదురెళ్ళింది.

“ఎలా ఉందండీ ఆయనకి?”

“కనురెప్పలు కదుపుతున్నారండీ. ఏ క్షణమైనా మెలకువ రావచ్చన్నారు డాక్టర్ గారు.”

“దేవుడి దయ. సుధామణి గారూ, మీ ఆయన ఫోన్లో అన్న మాట, ఆయన అన్నది అన్నట్టు, ఆయన గొంతుతో చెప్పండి. మీ మాటల్లో వద్దు.”

సుధామణి కళ్ళు మూసుకుంది. “డ్రైవర్ మార్చేశారు. ఎందుకలా చేశారో అడుగుతానుండు.”

“మార్చేశాడా? మార్చేశారా?”

“మార్చేశారేనండీ. రాత్రి స్టేషన్ రైటర్ గారికీ అలాగే చెప్పాను. డ్రైవర్‌కి ‘రు’ ఏంటమ్మా అని నవ్వి, ఆయనే దిద్ది రాసుకున్నారు. నాకప్పుడు ఏదీ వాదించే ఓపిక లేదు.”

సీఐ ఫైలు మూసేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“డ్రైవర్ అంటే లైట్ల డబ్బా అని మీకు తెలీదా?” అడిగింది దీవెన.

“ఆ లైట్ల గురించి నెల్లాళ్ళుగా ఏదో ఒకటి చెప్తూనే ఉన్నారండీ. నేను ఊ కొడుతూనే ఉన్నా.” సుధామణి పూల్ వైపు చూసింది. “సరిగ్గా వినుంటే బాగుండేది.”

దీవెన సీఐ వైపు తిరిగింది. “రు! గౌరవం ఇవ్వాల్సిన మనిషి. పైగా ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు కాదు. అడుగుతానుండు అన్నాడంటే ఎవరు మార్చారో అతనికి తెలుసు. అడగ్గలిగినంత దగ్గరివాళ్ళు.”

“ఈ ఇంట్లో ఆయన మీరు అని పిలిచే మగాడు ఒక్కరే,” అన్నాడు సీఐ నెమ్మదిగా. “మామగారు, అంటే సుధామణి గారి నాన్న ఎల్లారావు గారు. నిన్న సాయంత్రం ఆయన కైకలూరులో పెళ్ళివారికి ఎదురెళ్ళారు. ఊరు ఊరంతా చూసింది. ఆయనెలా మారుస్తారు?”

ఇద్దరికీ పోట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

“నేను గబగబా స్నానం చేసి వెళ్ళాలండీ,” అంది సుధామణి. “ఆయన కళ్ళు తెరిచే టైముకి నేనే పక్కనుండాలనుకున్నా. కానీ బలవంతాన పంపించేశారు. మెలకువ రాగానే ఒక మాట అడగాలి, నువ్వుంటే అడగలేను, ఇంటికెళ్ళి రా అన్నారు. నర్సుని కూడా బయటికి పంపేశారు.”

“ఎవరాయన?” అన్నాడు సీఐ.

“ఆయనేంటండీ?” సుధామణి అయోమయంగా చూసింది. “మా అక్కయ్యగారు. శివపార్వతక్క.”

దీవెన చేతిలో తాళంచెవి చల్లగా తగిలింది. బొడ్లో గుత్తి. పసుపు గోళ్ళు. నిన్న సాయంత్రం చేపలు కడిగిన చేతులు. ఉప్పూ పసుపూ పట్టించకుండా ఈ జిల్లాలో ఎవరు చేప కడుగుతారు? ముత్తైదువైనా, కాకపోయినా!

“మంగాయమ్మా! ఆ చెరువు మీది లైటు విప్పి ఇంటికి తెచ్చుకున్నారన్నావే, ఎవరు?”

“పెదమ్మగారేనమ్మా. కరెంటోళ్ళు రావడానికి జంకితే, స్టార్టరు కట్టేసి ఆవిడే ఇప్పారు. చెరువు మోటార్లన్నీ ఆవిడ చేతి మీదే గదా నడిచింది. పెదబాబుకి అయ్యేవీ రావు.”

నాకు ఫ్యూజు కట్టడం కూడా రాదు.

‘రు’కి ఆడా మగా లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. సీఐ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. “ఒక మాట అడగాలంట! మా ఆయన్ని కావాలనే చంపావా అని, ఏడాదిగా దాచుకున్న మాట. జవాబు నచ్చకపోతే ఈసారి డబ్బా కూడా అక్కర్లేదు. సత్యం! సత్యం! జీపు తియ్యి!”

“సత్యం టీకి వెళ్ళాడు సార్,” అన్నాడు కానిస్టేబుల్. “సెంటర్‌కి.”

“నువ్వు నడుపు!”

“నాకు రాదు సార్.”

సీఐ జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన చూపు వెనక సీట్లో, కడ్డీకి కట్టేసి ఉన్న కోటి మీద పడింది. దీవెన నోరు తెరిచింది గానీ ఆమె అనాల్సిన అవసరం రాలేదు.

“చూస్తావేంటయ్యా,” కానిస్టేబుల్ మీద అరిచాడు సీఐ వెంకటకృష్ణారావు, “డ్రైవర్‌ని విప్పు!”